అసలు, నకిలీ: చైనా ఎగుమతి పింగాణీని పరిశీలించడం

ఒక పాత వస్తువు అసలైనదా, నకిలీదా అని తేల్చడం కూడా ఒక రకమైన విమర్శే. తీర్పు చెప్పే ముందు ఏ ఆధారంతో చెబుతున్నామో చూసుకోవాలి. ఇందుకు ఉదాహరణగా చైనా ఎగుమతి పింగాణీని తీసుకుందాం. 18వ శతాబ్దంలో జింగ్‌డెజెన్ బట్టీల్లో కాల్చిన పళ్ళాలు, గిన్నెలు, కప్పులు కాంటన్ రేవు మీదుగా పెద్ద సంఖ్యలో ఐరోపాకు వెళ్ళాయి.

1. కలగలుపు దోషమా?

ఐరోపా ఆకారం, ఒక ఐరోపా కుటుంబపు వంశచిహ్నం ఉన్న పళ్ళెం చూసి, "ఇది అచ్చమైన చైనా వస్తువు కాదు" అనేవారుంటారు. ఈ వాదన నిలవదు. కొనేవాడు పంపిన నమూనా ప్రకారం చేయడమే ఎగుమతి పింగాణీ లక్షణం.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్‌ను గుర్తు చేసుకోండి. బిషప్ అజరయ్య కాలంలో కట్టిన ఈ చర్చిని 1939లో ప్రతిష్ఠించారు. దాని స్తంభాలు గుడి మండపాన్ని, గుమ్మటాలు మసీదును తలపిస్తాయి. అంతమాత్రాన దాన్ని నకిలీ చర్చి అనం. ఆ కలయిక కట్టినవారి ఉద్దేశమే. పింగాణీ విషయంలోనూ కలగలుపును చూసి తీర్పు చెప్పరాదు.

2. ముద్రను నమ్మవచ్చా?

చాలామంది ముందుగా పళ్ళెం తిరగేసి అడుగున ముద్ర కోసం చూస్తారు. ఇది బలహీనమైన ఆధారం. కాంగ్షీ చక్రవర్తి కాలంలో (1662-1722) చేసిన కొన్ని పాత్రలపై అంతకు రెండు వందల ఏళ్ళ నాటి చెంగ్‌హువా (1465-1487) పేరు కనిపిస్తుంది. పూర్వపు పనితనం మీది గౌరవంతో ఇలా రాసిన సందర్భాలున్నాయి, మోసానికి రాసినవీ ఉన్నాయి. ఎగుమతి పింగాణీలో ఎక్కువ భాగానికి అసలు ముద్రే ఉండదు. కాబట్టి ముద్ర లేకపోవడం లోపం కాదు, ఉండటం రుజువూ కాదు.

3. ఏ ఆధారాలను చూడాలి?

తయారీ విధానం వస్తువు మీద వదిలిన గుర్తులను చూడాలి. పళ్ళెం నిలిచే పాదపు అంచుకు సాధారణంగా మెరుగు పూత ఉండదు. అక్కడ మట్టి స్వభావం బయటపడుతుంది. మెరుగు పూతలో చిన్న గుంటలు, లేత నీలి ఛాయ ఉన్నాయేమో గమనించాలి. ఏళ్ళ తరబడి వాడిన పాత్రపై గీతలు రకరకాల దిక్కుల్లో, వాడకం ఎక్కువైన చోట ఉంటాయి. కావాలని గీకితే అవి తరచు ఒకే తీరుగా కనిపిస్తాయి.

అయితే వీటిలో ఏ ఒక్కటీ చాలదు. పారిస్‌లోని శామ్సన్ సంస్థ 19వ శతాబ్దంలో వంశచిహ్నాల పింగాణీకి నైపుణ్యంగా ప్రతికృతులు చేసింది. అందువల్ల మట్టి, పూత, రంగు, చిత్రణ, అరుగుదల అన్నీ ఒకే కాలాన్ని సూచిస్తున్నాయా అని చూడాలి. ఒక్కటి వ్యతిరేకంగా ఉన్నా తీర్పు ఆపాలి.

ఇక్కడ తొందరపాటు రెండు విధాల నష్టం చేస్తుంది: నకిలీకి గౌరవం దక్కుతుంది, అసలైనది చెత్తలో కలుస్తుంది. "ఇప్పుడున్న ఆధారాలతో ఇంతవరకే చెప్పగలం" అనడం విమర్శకుని బలహీనత కాదు, బాధ్యత.

అభ్యాసం: మీ ఇంట్లోని ఒక పాత పింగాణీ పాత్రను తీసుకోండి. దాని ముద్రను చూడకుండా, మీరు గమనించిన గుర్తులను పది వాక్యాల్లో రాయండి. తర్వాత ముద్రను చూసి, మీ అభిప్రాయం మారిందేమో, ఎందుకు మారిందో చర్చించండి.