దైన్యమును భరన్యాసమును

కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు వెలసియున్నాడు. అనతిదూరమున నున్న మచిలీపట్టణమున 1843 వ సంవత్సరమున రాబర్టు నోబిలు క్రైస్తవ పాఠశాలను స్థాపించెను. ఈ రెండు తావుల భక్తివాఙ్మయములు ఒండొంటిని అంతగా పలుకరింపలేదు. అయినను ఒక్క ప్రశ్న రెంటికిని సమానము: వినయశాలి యగు భక్తుడు తన చింతను ఏమి చేయవలెను?

పేతురు మొదటి పత్రిక, 5 వ అధ్యాయము, 6, 7 వచనములు దీనికి సమాధానము. ప్రచారమందున్న తెలుగు బైబిలున దీనమనస్కతయు, చింతను దేవునిపై వేయుటయు రెండు వేర్వేరు విధులుగా కానవచ్చును. గ్రీకు మూలమున విధ్యర్థక క్రియ యొక్కటియే. అది తగ్గింపును గూర్చినది. వేయుట యనునది దాని కంగమైన అసమాపక క్రియ. అనగా చింతను దేవునిపై వేయుటయే తగ్గుట. సర్వభారమును తానే మోయుదు ననుకొనుట అహంకారముయొక్క సూక్ష్మరూపము. క్త్వార్థకము గల తెనుగునకు ఈ సంబంధమును నిలుపుట కష్టము కాదు.

మరియొక విశేషము. మూలమున మనుష్యుని చింతకు మెరిమ్న యనియు, దేవుని శ్రద్ధకు మెలెయి యనియు భిన్నపదములు కలవు. తెలుగున రెంటికిని చింతయే వాడబడినది. శబ్దసౌష్ఠవ మేర్పడినను, దేవుడును మనవలె కలత చెందునను భ్రాంతికి చోటు కలిగినది.

ఈ వచనములకు ముందే, పెద్దలు తమ యధీనులపై ప్రభుత్వము చేయరాదను హెచ్చరిక యున్నది. కావున ఇచట వంగుట దేవుని చేతిక్రిందనే కాని బలవంతుని కాలిక్రింద కాదు.

శ్రీవైష్ణవుల భరన్యాసము దీనికి సన్నిహితము. కార్పణ్యమును విశ్వాసమును శరణాగతికి అంగములే. భేదమును కలదు: వేదాంతదేశికుల మతమున మోక్షార్థమైన భరన్యాసము ఒక్కమారే చేయదగినది, పేతురు చెప్పినది నిత్యజీవితమునందలి చింత యావత్తు.

వేయుట యనగా మౌనమా? కాదు. పేతురు మాటకు ఆధారమైన 55 వ కీర్తన మిత్రద్రోహమునకు నొచ్చినవాని మొర. ఆ మొరలోనే భారమును దేవునిపై వేయుమను మాట కలదు. పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు శ్రీకాకుళాంధ్రదేవుని ఆంధ్రనాయకశతకమున నిందాస్తుతితో నిలదీసెను. ఆలయ దుస్థితికి నొచ్చి చెప్పెనని ప్రసిద్ధి. ఆ నింద అవినయము కాదు. వినువాడు కలడను విశ్వాసమునకు గుర్తు.

1864 నవంబరున మచిలీపట్టణమును, 1977 నవంబరున దివిసీమను ఉప్పెనలు ముంచి వేలకొలది ప్రాణములను హరించినవి. ఇట్టి సీమవారికి చింతింపకుడని చెప్పుట బోధ కాజాలదు. పేతురు అట్లు చెప్పలేదు. చింతను ఎవరిపై వేయవలెనో చెప్పెను. ఈ వచనములను బోధించు పండితుడు ఆంధ్రనాయకశతకమును ప్రక్కన నుంచుకొనిన, దైన్యమనగా నోరు మూసికొనుట కాదని శిష్యులకు సులభముగా తెలుపగలడు.