బండి ముఖం దారి వైపు

ఆదివారం సాయంత్రం మైపాడు బీచికి వెళ్ళినవాళ్ళు సముద్రాన్ని చూసినట్టే ఒకసారి కార్లు నిలిపిన చోటును కూడా చూడాలి. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా వచ్చిన బండ్లలో ఎక్కువ భాగం రోడ్డు ముగిసే దాకా వచ్చి, ఇసుక అంచున ముఖం సముద్రం వైపు పెట్టి ఆగుతాయి. తలుపులు తెరుచుకోగానే పిల్లలు అలల దగ్గరికి పరుగెత్తుతారు. అప్పటికి ఏ ఇబ్బందీ ఉండదు. చీకటి పడి అందరూ ఒకేసారి ఇళ్ళకు బయల్దేరినప్పుడు కష్టం మొదలవుతుంది. బజ్జీల బండ్లు, తడిబట్టలతో తిరిగే పిల్లలు, చెప్పులు వెతుక్కునే పెద్దవాళ్ళు, సందుల్లోంచి దూరే మోటారు సైకిళ్ళు. వీళ్ళందరి మధ్యలోకి ఒక్కొక్క కారు వెనక్కి వస్తుంటుంది. నడిపేవాడికి రెండు పక్కలా బండ్లు తప్ప వెనక ఎవరున్నారో సగం కూడా తెలియదు.

అదే వరుసలో ఒకటి రెండు కార్లు మాత్రం వెనక భాగం ఇసుక వైపు, ముఖం రోడ్డు వైపు పెట్టి ఉంటాయి. వాటిని నడిపేవాళ్ళు లైట్లు వేసి, ఎదుట ఉన్నవాళ్ళను చూసి, వాళ్ళు తప్పుకోగానే నెమ్మదిగా వెళ్ళిపోతారు. పార్కింగులోకి బండిని ముందుకు పెట్టాలా, వెనక్కి పెట్టాలా అని నన్నెవరైనా అడిగితే నేను ఆ ఒకటి రెండు కార్ల పక్షం. వచ్చినప్పుడే వెనక్కి పెట్టుకోవాలి, వెళ్ళేటప్పుడు ముందుకు వెళ్ళాలి.

దీనికి మొదటి కారణం చాలా సులువైన లెక్క. ఏ పద్ధతిలో పెట్టినా ఒకసారి రివర్సు గేరు వేయక తప్పదు. వచ్చినప్పుడు వేస్తామా, పోయేటప్పుడు వేస్తామా అన్నదే ప్రశ్న. వచ్చినప్పుడైతే ఆ చోటును కళ్ళతో చూస్తూ దాటి ఆగుతాం. అది ఖాళీగా ఉందో, రాయి ఉందో, కుక్క పడుకుందో అప్పుడే చూశాం. మనం వెనక్కి వెళ్ళేది మనుషులు నడవని ఇరుకు చోటులోకి. పోయేటప్పుడు అంతా తలకిందులవుతుంది. గంటో రెండు గంటలో బండిని వదిలి వచ్చాం, ఈలోగా చుట్టూ ఏం మారిందో తెలియదు. వెనక్కి వచ్చేది నలుగురూ నడిచే దారిలోకి. కారు వెనక సగం బయటికి వచ్చేదాకా మన కళ్ళు పక్కబండ్ల మధ్యే ఉంటాయి. ఇంటికి పోవాలన్న తొందర సరేసరి.

రెండోది చక్రాల సంగతి. కారులో స్టీరింగుకు తిరిగేవి ముందు చక్రాలే. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, మలుపు లోపలి వైపుకు జరిగి అడ్డంగా కోసుకుపోతాయి. అందుకే ఇరుకు చోటులోకి ముందుకు దూరినప్పుడు ముందు భాగం బాగానే పోయినా, వెనక తలుపు పక్కనున్న స్తంభానికి రాసుకుంటుంది. నెల్లూరు మాగుంట లేఅవుట్ అపార్టుమెంట్లలో కింద కార్లు నిలిపే చోట ఆ గీతలు స్తంభాల మీద కనబడుతూనే ఉంటాయి. వెనక్కి పెట్టేటప్పుడు తిరగని చక్రాలు ముందుగా లోపలికి పోతాయి. తిరిగే చక్రాలు జాగా ఉన్న బయటి వైపే ఉండి, చివరిదాకా బండిని సర్దుకోనిస్తాయి. ముందు భాగం పక్కకు ఊగుతుంది కాబట్టి అటు ఒక కన్ను ఉంచాలి, అంతే. అలవాటు లేనివాళ్ళకు వెనక్కి పెట్టడం కష్టమనిపిస్తుంది గానీ, ఇరుకులో బండి మాట వినేది అప్పుడే.

ఇసుక దగ్గర ఇంకో లాభం ఉంది. ఇప్పుడు మనం కొనే చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. ముఖం సముద్రం వైపు పెడితే లాగాల్సిన చక్రాలే మెత్తటి ఇసుకలో దిగబడతాయి. వెనక్కి పెడితే అవి గట్టి నేల మీద ఉండి బండిని బయటికి లాగుతాయి. టాటా ఏస్, బొలెరో లాంటి బండ్లకు బలం వెనక చక్రాలకు అందుతుంది కాబట్టి వాటిని నడిపేవాళ్ళు అసలు ఇసుకలోకే దిగకుండా గట్టి నేల మీదే తిప్పి నిలుపుకోవాలి.

ఈ తీరంలో బతుకుతెరువు కోసం బండి నడిపేవాళ్ళకు ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీదికి వెళ్ళే బండ్లను చూడండి. గట్టు మీద బండి తిప్పుకునే జాగా ఉండదు. ఖాళీ బండిని గట్టు మొదటి నుంచి వెనక్కి పోనిచ్చి, ఐసూ రొయ్యలూ ఎక్కాక ముఖం ముందుకు పెట్టుకుని వస్తారు. బరువుతో, తొందరతో వచ్చేటప్పుడు దారి కళ్ళ ముందు ఉండాలన్నది వాళ్ళ పద్ధతి. ఒడ్డున ఇసుకలోకి లాగిన చేపల బోట్లను కూడా చాలావరకు మొన సముద్రం వైపు తిప్పే ఉంచుతారు. పొద్దున్నే చీకట్లో వేటకు పోవాల్సినవాళ్ళు ఆ పని ముందురోజే చేసుకుంటారు.

మనకు లైసెన్సు ఇచ్చే చట్టం కూడా ఈ నేర్పును అడుగుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 15వ నియమం లైసెన్సు పరీక్షలో ఏం చూడాలో చెబుతుంది. బండిని వెనక్కి నడుపుతూ, కుడికో ఎడమకో ఉన్న ఇరుకు చోటులోకి పెట్టగలగాలి అన్నది అందులో ఒకటి. అంటే రివర్సు పార్కింగు రానివాడికి కారు లైసెన్సు రాకూడదు. పరీక్ష రోజున ట్రాకు మీద హెచ్ ఆకారంలో బండిని వెనక్కి తిప్పినవాళ్ళం, మర్నాటి నుంచి దాన్ని మరిచిపోతున్నాం. ఎవరికీ ప్రమాదం గానీ ఇబ్బంది గానీ లేదని తేల్చుకోకుండా బండిని వెనక్కి నడపకూడదనీ, తిప్పుకోవడానికి కావలసిన దూరం దాటి వెనక్కి పోకూడదనీ 1989 నాటి రహదారి నిబంధనలే చెప్పాయి. బ్రిటన్ హైవే కోడ్ 201వ నియమం ఇంకా సూటిగా ఉంటుంది. ఇంటి ఆవరణలోకి వీలైనంతవరకు వెనక్కి వెళ్ళండి, ముందుకు బయటికి రండి అంటుంది. చమురు, గ్యాసు కంపెనీల ఆవరణల్లో బండ్లు గేటు వైపు ముఖం పెట్టి నిలపాలన్న నియమం చాలాచోట్ల ఉంది. గల్ఫులో డ్రైవర్లుగా చేసి వచ్చిన మనవాళ్ళకు అది బాగా తెలుసు. మంట లేచినప్పుడు గేర్లు మార్చి వెనక్కి తిప్పుకునే వ్యవధి ఉండదు.

నెల్లూరు తీరానికి ఆ మాట మరీ వర్తిస్తుంది. 1989 నవంబరులో థాయిలాండును దెబ్బతీసి బంగాళాఖాతం దాటి వచ్చిన పెనుతుఫాను కావలి దగ్గరే తీరం తాకింది. 2004 డిసెంబరు 26 ఆదివారం, పైగా పౌర్ణమి. సునామీ వచ్చింది ఆ ఉదయమే. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఇలాంటి చోట ఇంటి ముందు గానీ, తీరంలో గానీ బండి ముఖం దారి వైపు ఉండాలి. అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చిన ఇంట్లోనైనా, పాము కాటు తగిలిన ఇంట్లోనైనా, ఆ గాభరాలో, ఆ చీకట్లో వీధిలోకి వెనక్కి వచ్చే బండి ఇంకో ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.

అందరూ ఒకేసారి కదిలే చోట్లు కూడా మనకు ఎక్కువే. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ, శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు, కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాలు. వచ్చేటప్పుడు జనం విడివిడిగా వస్తారు, పోయేటప్పుడు ఒక్కసారిగా పోతారు. పద్ధతిగా వెనక్కి పెట్టించడానికి వచ్చేటప్పుడే వీలు ఉంటుంది.

ఇక దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటలు వినాలి. నెల్లూరు ట్రంకు రోడ్డు లాంటి చోట వెనక్కి పెట్టబోతే వెనక ఉన్న బండ్లన్నీ ఆగిపోతాయంటారు. నిజమే. అర నిమిషం ఆగుతాయి. కానీ ముందుకు పెట్టిన కారు వెనక్కి వచ్చేటప్పుడు కూడా అదే రోడ్డు ఆగుతుంది, అదీ ఒక ప్రమాదంతో కలిపి. డిక్కీలో సామాను ఎక్కించుకోవాలంటే ముందుకు పెట్టడమే నయమంటారు. బియ్యం బస్తాలు వేసుకునే రోజు అలాగే చేయవచ్చు. ఏటవాలుగా గీతలు గీసిన ఒకవైపు దారి పార్కింగుల్లో ముందుకే పెట్టాలి, ఆ గీతల వాలే అందుకు తగ్గట్టు ఉంటుంది. కిటికీ పక్కనే పార్కింగు ఉన్న ఇంట్లో పొగ లోపలికి పోతుందంటే అక్కడ ఇంజను ఆన్‌లో ఉంచకుండా వెంటనే ఆపేయాలి.

వీటన్నిటికన్నా బరువైన మాట ఒకటుంది. వెనక్కి పెట్టడంలోనూ ప్రాణాలు పోతాయి. 2002లో అమెరికాలో ఒక తండ్రి ఇంటి ముందు కారును వెనక్కి నడుపుతుండగా సొంత కొడుకే దాని కింద పడి చనిపోయాడు. ఆ పసివాడికి రెండేళ్ళు. తండ్రి పిల్లల వైద్యుడు, అద్దాలు చూసుకునే నడిపాడు. అంత చిన్న పిల్లలు అద్దాల్లో కనబడరు. ఆ బాబు పేరుతో 2008లో చట్టం వచ్చింది, 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు రివర్సు సెన్సర్లు తప్పనిసరి చేశారు. సెన్సరు కూత మంచి తోడే, అయినా దాని మీదే భారం వేయకూడదు. అంతకు ముందు తయారై ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్న బండ్లలో చాలావాటికి అది కూడా లేదు.

2023 నవంబరు 6న విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో జరిగింది ఎవరూ మరవలేరు. వెనక్కి తీయాల్సిన బస్సు ముందుకు దూసుకొచ్చి, 12వ ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళలో ముగ్గురి ప్రాణాలు తీసింది. వాళ్ళలో ఒక పసివాడు ఉన్నాడు. మన బస్టాండ్లలో బస్సు ముఖం ప్రయాణికుల మీదికి పెట్టి ఆగుతుంది, బయల్దేరేటప్పుడు కండక్టరు ఈలతో వెనక్కి వస్తుంది. ప్లాట్‌ఫారాలు అలా కట్టారు కాబట్టి డ్రైవరు చేయగలిగింది లేదు. కానీ కొత్త బస్టాండ్లు కట్టేవాళ్ళు బస్సు ఒకవైపు నుంచి వచ్చి, ప్లాట్‌ఫారం పక్కన నిలిచి, ఇంకోవైపు నుంచి ముందుకే వెళ్ళిపోయేలా కట్టాలి. పాతవాటిలో ప్లాట్‌ఫారం అంచున బస్సును ఆపగల గట్టి అడ్డుకట్టలు పెట్టాలి. దీన్నుంచి నేను తీసుకున్న నియమం ఒకటే. మనుషులు నిలబడే వైపుకు బండి వెనక భాగం గానీ, ముందు భాగం గానీ గురిపెట్టి ఉంచకూడదు. గోడ ఉన్న వైపు వెనక భాగం, దారి ఉన్న వైపు ముఖం. మన వెనక ఉన్నది గోడ కాక అరుగు మీద కూర్చున్న ముసలమ్మ అయితే ఆ చోటు మనది కాదు, ఇంకొకటి వెతుక్కోవాలి.

వెనక్కి పెట్టడానికి కావలసింది ఓపిక. చోటును దాటేటప్పుడు నెమ్మదిగా పోతూ లోపలికి చూడండి. అనుమానం ఉంటే దిగి చూసి రండి. పాటలు ఆపి, అద్దం దించి, మనిషి నడక కన్నా నెమ్మదిగా వెళ్ళండి. పిల్లలు ముందే దిగి ఉంటే వాళ్ళు ఎవరి చేతిని పట్టుకుని ఉన్నారో కళ్ళతో చూశాకే గేరు వేయండి. సాయం పట్టడానికి ఎవరైనా దిగితే బండి వెనక నిలబడనివ్వకండి. లారీ క్లీనర్లను చూడండి. డ్రైవరుకు అద్దంలో కనబడే పక్కన నిలబడి, అరచేత్తో బాడీ మీద తడుతూ "రానీ అన్నా, రానీ, రానీ" అంటారు. అంతలో గట్టిగా "హోల్డాన్" అంటే ఇక అంగుళం కూడా కదలదు. కృష్ణపట్నం పోర్టు రోడ్డులో పొడవాటి ట్రైలర్లు తిరిగే చోట ఆ ఒక్క గొంతు ఎన్ని ప్రాణాలు కాపాడుతుందో లెక్కపెట్టలేం. ఇప్పుడు చాలా లారీలు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి. యజమానులు మిగుల్చుకుంటున్న ఆ కూలి దారిన పోయేవాళ్ళ మీద పడే భారమని నా నమ్మకం.

ఈ ఆదివారం మీరు తీరానికి వెళితే బండిని దాటించి, ఆపి, చూసి, వెనక్కి పెట్టండి. మైపాడులో, కోడూరులో పార్కింగు రుసుము తీసుకునేవాళ్ళు ఆ డబ్బుతోపాటు ఈ బాధ్యత కూడా తీసుకుని, గట్టి నేల మీద సున్నం గీతలు గీయించి, వచ్చిన ప్రతి బండినీ ముఖం రోడ్డు వైపు పెట్టించాలి. డ్రైవింగు స్కూళ్ళు రివర్సును పరీక్ష ముందురోజు నేర్పే పాఠంగా కాక, మొదటి వారం నుంచే నేర్పాలి. వచ్చినప్పుడు మనం పెట్టే అర నిమిషం, వెళ్ళేటప్పుడు మన బండి వెనక నడిచే పసివాడికి రక్షణ.