బడుల విలీనం: పేట నుంచి చూస్తే

బడి ఎంత దూరం అన్న ప్రశ్నకి ప్రభుత్వం దగ్గర వొకే కొలత వుంది. అది కిలోమీటరు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఊరికీ పేటకీ మధ్య దూరం ఆ కొలతకి అందదు. మధ్యన వొక చెరువుగట్టో, రోడ్డో, గెడ్డో వుంటుంది. నడిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరాన్ని దాటడానికి మన పెద్దలకి ఎన్ని తరాలు పట్టిందో ఏ జీవోలోనూ కనపడదు. గత కొన్నేళ్ళుగా ఆంధ్రప్రదేశ్‌లో బడుల హద్దుల మీద, బోధనా భాష మీద, మార్కుల మీద జరిగిన మార్పుల్ని ఈ కనపడని దూరం వైపు నుంచి చదవాలన్నదే మా ప్రయత్నం.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2020 జాతీయ విద్యా విధానం 10+2 స్థానంలో 5+3+3+4 అంది. దాన్ని ఆధారం చేసుకుని 2021 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 84వ నంబరు జీవోతో బడుల్ని ఆరు రకాలుగా విడగొట్టింది. శాటిలైట్ ఫౌండేషన్ నుంచి హైస్కూల్ ప్లస్ దాకా పేర్లు పెట్టింది. 2022 జూన్ 10న వచ్చిన 117వ నంబరు జీవో టీచర్ల పోస్టుల్ని ఆ లెక్కకి సర్దింది. కిలోమీటరు లోపల హైస్కూలు వుంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతులు అక్కడికి పోవాలి. 1, 2 తరగతులు పాత చోటే మిగలాలి. ఆ జూలైలో బడులు తెరిచేసరికి రాష్ట్రమంతటా తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2024లో ప్రభుత్వం మారింది. 2025 మేలో 117 రద్దయింది. ఆరు రకాల బడులు తొమ్మిది రకాలయ్యాయి.

ఈ మూడేళ్ళూ చర్చ బాగానే జరిగింది. ఉపాధ్యాయ సంఘాలు పోస్టుల గురించి మాట్లాడాయి. భాషాభిమానులు తెలుగు గురించి మాట్లాడారు. పార్టీలు వొకరి మీద వొకరు నెట్టుకున్నారు. ఇవేవీ అక్కరలేని మాటలని మేం అనం. పోస్టులు తగ్గితే ముందు నష్టపోయేది మన పిల్లలే. అయితే ఈ చర్చ అంతట్లో దళిత పిల్లవాడు విద్యార్థుల సంఖ్యలో వొక అంకెగా తప్ప కనిపించలేదు. 'మ్యాపింగ్', 'హేతుబద్ధీకరణ', 'విలీనం' అన్న మాటలు చూడండి. దేన్ని దేంట్లో విలీనం చేస్తున్నారు? ఊరి బడిని పేటలోకి తెచ్చి కలిపే ఆలోచన ఏ కాగితం మీదా లేదు. నడిచేది ఎప్పుడూ పేటే.

పేటలో బడి ఎందుకు వుందో గుర్తు చేసుకోవాలి. అది ఎవరో దయతో కట్టింది కాదు. బడులు అగ్రహారాల్లో, గుళ్ళలో, పెద్దల చావళ్ళలో వుండేవి. అంటరాని పిల్లలకి అక్కడ అరుగు కూడా దక్కేది కాదు. అందుకే 1920ల్లో మద్రాసు ప్రభుత్వపు లేబర్ శాఖ విడిగా బడులు పెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఈ జిల్లాలు ఆ రాష్ట్రంలోవే. మిషనరీలు కొన్ని పెట్టారు. స్వాతంత్య్రం తరవాత అడిగీ, తిరిగీ, దరఖాస్తులు పెట్టీ కొన్ని తెచ్చుకున్నాం. కాబట్టి పేట బడి వెలివేతకి గుర్తు, మనం సంపాదించుకున్న ఆస్తి కూడా. ఈ రెండు ముఖాల్నీ వొకేసారి చూడకపోతే విలీనం అర్థం కాదు.

ఇక్కడ వొక న్యాయమైన ప్రశ్న వస్తుంది. వేరు బడి వెలివేతకి గుర్తయితే కలపటం మంచిదే గదా? అందరి పిల్లలూ వొకే బల్ల మీద కూర్చోవాలన్నదే గదా మన కల? అవును. 1964–66 కొఠారీ కమిషన్ చెప్పిన కామన్ స్కూలు కోసం మన వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. కానీ మన ముందున్న విలీనం అది కాదు. ఊళ్ళో మోతుబరి పిల్లలు పొద్దున్నే పసుపు వ్యాను ఎక్కి పట్నం కాన్వెంటుకి పోతున్నారు. హైస్కూల్లో మిగిలింది అన్ని కులాల పేదలే. పేద పిల్లల్ని పేద పిల్లలతో కలిపి దానికి సంస్కరణ అని పేరు పెట్టారు. కామన్ స్కూలు రావాలంటే ఆ వ్యాను ఆగాలి. వ్యాను జోలికి ఏ ప్రభుత్వమూ పోలేదు.

ఈ అనుభవం మనకొక్కళ్ళకే కాదు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు జాతుల వారీ వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. గొప్ప తీర్పు. అమలులో మాత్రం దక్షిణాది రాష్ట్రాల్లో మూతపడినవి ఎక్కువగా నల్లవాళ్ళ బడులు. ఉద్యోగాలు పోయింది వేలమంది నల్ల టీచర్లకి, హెడ్మాస్టర్లకి. తెల్లవాళ్ళ బడిలోకి నడిచి వెళ్ళి తిట్లు తిన్నది నల్ల పిల్లలు. కలిసే భారమంతా వెలికి గురయినవాళ్ళ మీదే పడితే ఆ కలయిక సమానత్వం అనిపించుకోదు.

ఊరూ పేటా మధ్య దూరం పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్ళకి లక్ష్మింపేటని గుర్తు చేస్తాం. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా వంగర మండలంలోని ఆ ఊళ్ళో మడ్డువలస రిజర్వాయరు కింది భూమి తగాదాలో ఐదుగురు దళితుల్ని చంపారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల్ని మళ్ళీ గీసినప్పుడు వంగర విజయనగరం జిల్లాలోకి పోయింది. జిల్లా హద్దు వొక నోటిఫికేషన్‌తో మారింది. పేటకీ ఊరికీ మధ్య హద్దు అలా మారుతుందా? అలాంటి చోట ఎనిమిదేళ్ళ పిల్లని 'ఇకనుంచి ఆ బడికి పో' అనటానికి కిలోమీటరు లెక్క వొకటే చాలదు.

117 జీవో చేసిన నష్టం పోస్టుల్లో కన్నా ఇళ్ళలో ఎక్కువ కనిపించింది. మన ఇళ్ళలో చిన్నదాన్ని బడికి తీసుకుపోయేది అమ్మ కాదు, అక్క. అమ్మ తెల్లారకుండానే కూలికో, పలాస వైపయితే జీడిపిక్కల పనికో పోతుంది. నాన్న విశాఖో, హైదరాబాదో, చెన్నయో వలసపోయి వుంటాడు. ఇంట్లో వుండేది ముసలమ్మ. మూడో తరగతి అక్క వొకటో తరగతి చెల్లి చెయ్యి పట్టుకుని వొకే బడికి పోయేది. 1, 2 తరగతుల్ని వొక చోట, 3 నుంచి పైవి వొక చోట పెట్టగానే ఆ చెయ్యి తెగింది. ఇప్పుడు చెల్లిని ఎవరు దింపాలి? వానాకాలం గెడ్డ పొంగితే అక్కని ఎవరు దాటించాలి? మగపిల్లాడయితే ఎలాగో పోతాడు. ఆడపిల్లని 'ఈ ఏడాదికి మానెయ్ వే' అంటారు. ఆ మాటకి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

వంటగది సంగతి కూడా చూడాలి. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకీ ఆదివాసులకీ ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్లోనే చెప్పింది. పేట బడిలో వండేది పేట మనిషే. బడిలో సగం మంది పిల్లలు పోతే ఆమె పనీ సగం పోతుంది. హైస్కూలు వంటగదిలో ఆమెకి చోటుంటుందా? ఆమె వండింది అందరూ తింటారా?

దీనికన్నా పెద్దది కమిటీ సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి, వెనకబడిన వర్గాలకి దామాషా ప్రకారం చోటుండాలి. పేట బడిలో ఈ కమిటీ అంటే పూర్తిగా మన అమ్మలే. మాస్టారు రాకపోతే అడిగేది వాళ్ళే. పిల్లలు పెద్ద బడికి పోయాక ఈ అమ్మలు దామాషాలో వొకరో ఇద్దరో అవుతారు. ఊరి పెద్ద ఎదట కుర్చీలో కూర్చోవటమే కష్టమయిన చోట నోరు తెరిచి అడగ్గలరా? పిల్లల్ని తరలించారనే అందరూ రాశారు. అధికారం కూడా తరలిపోయిందని రాసినవాళ్ళు తక్కువ.

ఇక బోధనా భాష. 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడు పెద్ద గొడవ జరిగింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మా మాట సూటిగా చెప్తాం. మాకు ఇంగ్లీషు కావాలి. తమ పిల్లల్ని కాన్వెంట్లకి పంపుతూ మన పిల్లలకి మాత్రం మాతృభాష మాధుర్యం బోధించేవాళ్ళ ప్రేమ మాకొద్దు. అసలు ఎవరి మాతృభాష? శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా వుంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సవరలోనే పుస్తకాలు రాశారు. ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినం చేసుకున్నవాళ్ళు ఆ సవర పాఠం సంగతి మరిచారు. రెల్లి ఇళ్ళలో మాట్లాడేది ఒరియాకి దగ్గరి మాట. మన పేటల్లోని 'ఏటి', 'నాను' కూడా పాఠ్యపుస్తకంలో లేవు. మధ్య కోస్తా తెలుగుని అందరి తల్లిభాష అనటంలో కూడా వొక ఆధిపత్యం వుంది. అయితే బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని రాసి, లోపల నాలుగు తరగతుల్ని వొకే టీచరుకి వొదిలేస్తే అది కూడా మోసమే. వొక పక్క తెలుగు, వొక పక్క ఇంగ్లీషు వున్న ద్విభాషా పుస్తకాలు మంచి పనే. వాటిని విప్పి చెప్పే మనిషి ఏడీ?

మార్కుల విషయంలోనూ ఇదే పద్ధతి. పదో తరగతిలో 2012 నుంచి గ్రేడులన్నారు. 2022లో మళ్ళీ మార్కులన్నారు. ఆ ఏడాది ఉత్తీర్ణత 67.26 శాతం. ఆ పిల్లలకి కరోనాతో రెండేళ్ళు బడి సరిగా లేదు. సెల్‌ఫోను లేని ఇంటి పిల్లవాడు ఆన్‌లైన్ పాఠం ఎలా విన్నాడని అడక్కుండా 'ప్రమాణాలు పడిపోయాయి' అన్నారు. ప్రమాణం పిల్లవాడిదా, వ్యవస్థదా? శ్రీకాకుళం, విజయనగరాల నుంచి తీసి చేసిన పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేళ్ళూ పదో తరగతి ఉత్తీర్ణతలో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. ఉత్తీర్ణత శాతమే చదువని మేం నమ్మం. అయినా 'వీళ్ళకి చదువు రాదు' అనే నోళ్ళకి ఆ ఆదివాసీ జిల్లా జవాబు చాలు. ఆశ్రమ బడుల్లో, గురుకులాల్లో లోటుపాట్లు చాలానే వున్నాయి. కానీ అక్కడ మనిషి వున్నాడు, అన్నం వుంది, రాత్రి చదువుకోటానికి దీపం వుంది.

2025 మార్పులు ఈ నష్టాన్ని పూడ్చాయా? హైస్కూళ్ళకి పోయిన 3, 4, 5 తరగతుల్ని మళ్ళీ ప్రాథమిక బడికి తేవటం మంచిదే. తరగతికో టీచరు వుండే మోడల్ ప్రాథమిక పాఠశాల అన్న ఆలోచనా మంచిదే. కానీ ఆ మోడల్ బడి ఎక్కడ వస్తుంది? పిల్లల సంఖ్య ఎక్కువున్న చోట, గదులున్న చోట. అంటే ఊళ్ళో. చుట్టూ వున్న చిన్న బడుల పిల్లలు అక్కడికి రావాలి. నడిచేది మళ్ళీ పేటే. విద్యాహక్కు చట్టం అరవై మంది దాకా వున్న బడికి ఇద్దరు టీచర్లుండాలంటుంది. ఇద్దరుంటే పేట బడి నిలబడేది. వొకర్ని పెట్టి, పిల్లలు తగ్గితే దాన్నే కారణంగా చూపి, బడిని చిన్నది చేశారు. జీవో నంబరు మారినా ఈ తర్కం మారలేదు.

ఇంత చెప్పి మన తప్పు చెప్పకపోతే అన్యాయం. కారంచేడు, చుండూరు నుంచి ఎదిగిన దళిత ఉద్యమం ఉత్తరాంధ్ర పేటల్ని ఎక్కువ పట్టించుకోలేదు. ఈ జిల్లాల్లో మన జనాభా సుమారు పదో వంతే. అందువల్ల పార్టీలకి మనం లెక్కలోకి రాం, మన ఉద్యమానికి కూడా రాలేదు. భూమి, దాడులు, రిజర్వేషన్ల గురించి మాట్లాడినంతగా ప్రాథమిక బడి గురించి మాట్లాడలేదు. మా ఇళ్ళలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేం. మేం చదివింది పేటలోని వొంటి గది బడిలోనే. అది గొప్ప బడేం కాదు. కానీ దానికి పోవడానికి మేం ఎవరి వీధీ దాటాల్సి రాలేదు, ఎవరి మొహమూ చూడాల్సి రాలేదు. ఆ బడే లేకపోతే ఈ వ్యాసం లేదు.

అందుకే మేం అడిగేవి మూడే. పేట బడిని కదిపే ముందు పేటలోని తల్లుల్ని విడిగా కూర్చోబెట్టి అడగాలి, వాళ్ళు వొద్దంటే ఆపాలి. పిల్లల సంఖ్యతో పని లేకుండా ప్రతి పేట బడికీ ఇద్దరు టీచర్లుండాలి. మోడల్ బడి పెట్టేటప్పుడు కొన్నయినా పేటల్లో పెట్టి, ఊరి పిల్లల్ని అటు నడవమనాలి. మూడోది వినగానే కొందరికి నవ్వొస్తుందని తెలుసు. వాళ్ళకి నవ్వెందుకొచ్చిందో ఆలోచిస్తే మేం చెప్పిన దూరం ఎంతో తెలుస్తుంది.