బుదైయా ఉప్పు, పుస్తకంలోని ఉప్పు

బహ్రెయిన్‌ వాయవ్య తీరాన ఉన్న బుదైయా దగ్గర ఒక లీటరు సముద్రపు నీటిని తెచ్చి ఇగరబెడితే 40 గ్రాములకు పైనే ఉప్పు మిగులుతుంది. ప్రపంచ సముద్రాల సగటు 35 గ్రాములు. ఇక్కడ ఎండ ఎక్కువ, వాన బహు తక్కువ. ఆవిరైన నీటికి బదులుగా ఇరుకైన హోర్ముజ్‌ జలసంధి గుండా వచ్చే నీరు తన వంతు ఉప్పును కూడా మోసుకొస్తుంది.

ద్రావణాన్ని ఇగర్చి లవణాన్ని వేరుచేయడం ఆరో తరగతి పాఠమే. గిన్నె, పొయ్యి, త్రాసు ఉంటే చాలు. 100 మిల్లీలీటర్లు కాచిన ఒక జట్టుకు 4 గ్రాములు, మరో జట్టుకు 5 గ్రాములు రావచ్చు. ఎవరు తప్పు? బహుశా ఎవరూ కాదు. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం లవణాలు తేమను అంత సులువుగా వదలవు. ఒకరు ముందే దించేసి ఉంటారు, మరొకరి గిన్నెలోంచి చిట్లి కొంత బయట పడి ఉంటుంది. ఈ తేడాను తరగతిలో చర్చించడంలోనే విజ్ఞానశాస్త్రం ఉంది. మన తరగతులు దాటవేసేది సరిగ్గా ఈ చర్చనే.

‘చేసి నేర్చుకోవడం’ పేరిట నేడు జరుగుతున్నదానిలో అధికభాగం జవాబు ముందే తెలిసిన ప్రదర్శన. వినెగరు, వంటసోడా కలిపి పొంగించే అగ్నిపర్వతం అందుకు మచ్చు. అందులో పిల్లవాడి వాటా ఎంతో నాన్నగారికే తెలియాలి. పరికరాల కొరతను దీనికి కారణంగా చూపడం సబబు కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్‌ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం ఆ వాదాన్ని ఏనాడో పూర్వపక్షం చేసింది. కిశోర్‌ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్‌ రూరల్‌ సెంటర్‌ ప్రారంభించిన ఆ పనిని 1982 నుంచి ఏకలవ్య సంస్థ నడిపింది. అగ్గిపుల్లలతో, సైకిల్‌ వాల్వు ట్యూబుతో అరవింద్‌ గుప్తా ఘనాకృతులు కట్టించింది అక్కడే.

ఆ కార్యక్రమపు అసలు సాహసం చవక పరికరాలలో లేదు, పరీక్షను మార్చడంలో ఉంది. పిల్లలు పుస్తకం, తమ నోట్సు దగ్గర పెట్టుకునే జవాబులు రాసేవారు. చేతి ప్రయోగానికీ మార్కులుండేవి. ఉపాధ్యాయులు నెలనెలా కలుసుకొని, తరగతిలో ఎదురైన చిక్కుల్ని ముందు పెట్టుకొనేవారు. ఒక ప్రయోగం పుస్తకం చెప్పినట్టు రాకపోతే దాన్ని దాచిపెట్టే అవసరం వారికి ఉండేది కాదు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని నిలిపివేసింది. అప్పటికి ముప్ఫయ్యేళ్ల అనుభవం పోగై ఉంది.

బహ్రెయిన్‌లోని భారతీయ పాఠశాలలు అనుసరించేది ప్రధానంగా సీబీఎస్‌ఈ ప్రణాళిక. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో ఆరో తరగతికి తెచ్చిన ‘క్యూరియాసిటీ’ పుస్తకంలో కృత్యాలకు కొదవలేదు, వాటి ఎంపికలో శ్రద్ధ కూడా కనిపిస్తుంది. కానీ ఒక కృత్యానికి గంట పడుతుంది. పీరియడ్‌ నలభై నిమిషాలదైతే, గిన్నె చల్లారకముందే గంట కొడతారు. బరువు తూచకుండానే ‘ఉప్పు మిగిలింది’ అని రాసుకొని తర్వాతి పాఠానికి వెళ్లడం ఉపాధ్యాయుని సోమరితనం కాదు, గత్యంతరం లేకపోవడం.

బుదైయా నీటిని తూచిన పిల్ల, సముద్రపు నీటిలో లీటరుకు ఎంత ఉప్పు ఉంటుందన్న ప్రశ్నకు 43 గ్రాములని రాస్తే, జవాబుపత్రం దిద్దేవారి దగ్గరున్న కాగితంలో 35 అని ఉంటుంది.