బ్రాకెట్‌లో ఒక ఆకు

మా కొల్లేటి ఊళ్లలో గంజాయి అనగానే హైవే మీద పోలీసులు పట్టుకున్న మూటలే గుర్తొస్తాయి. అందుకే, క్యాన్సర్‌తో మంచం పట్టిన పెదనాన్నకి ఆకలీ నిద్రా కరవయ్యాయని ఏలూరులో ఆయుర్వేద వైద్యుడు ‘విజయ’ కలిసిన చూర్ణం రాసిస్తే పెద్దమ్మ హడలిపోయింది. “అది గంజాయాకేగా బాబూ, ఇంట్లో ఉంటే పట్టుకుపోరూ?” ఆమెకి జవాబు చెప్పడానికే చట్టం తెరిచాను.

తెరిచాక ఆ పనితనం చూస్తూ ఉండిపోయాను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం రెండో సెక్షన్‌లో, గంజాయి అంటే ఆ మొక్కకి పూతా కాయా పట్టిన కొసలని రాసి, పక్కనే చిన్న బ్రాకెట్ పెట్టారు. కొసలతో కలవని ఆకులు, గింజలు ఇందులోకి రావు. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఇదే గీత. మత్తెక్కించే జిగురు దట్టంగా పట్టేది పూతకే. మొక్క పేరు చూసి భయపడకుండా, అందులో ఏ భాగమో చూసి గీశారు. అలాగని ఆకును ఊరికే వదల్లేదు. ఔషధ నియమాల్లో ‘షెడ్యూల్ ఈ(1)’ అనే విషద్రవ్యాల జాబితాలో దాన్ని భంగ పేరుతో చేర్చి, అది కలిసిన, కడుపులోకి తీసుకునే మందు మీద హెచ్చరిక తప్పనిసరి చేశారు.

ఇక వైద్యుల పనితనం. దాన్ని శోధన అంటారు. ఎండుటాకును పల్చటి గుడ్డలో మూటకట్టి, నీళ్లలో నానబెట్టి పిసుకుతారు. నీళ్లు పచ్చగా దిగుతాయి. పారబోసి, మళ్లీ పోస్తారు. కొల్లేటి చేపను బురద వాసన పోయేదాకా కడిగినట్టే, పచ్చదనం దిగడం ఆగేదాకా. ఆరబెట్టి, ఆవునెయ్యిలో సన్నసెగ మీద వేయిస్తారు. ఇందులో కిటుకు ఇప్పటి కెమిస్ట్రీ చెబితేగాని నాకు తెలియలేదు. ఆకు సారమైన టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఆమ్లరూపంలో ఉండి, వేడి తగిలాకే అసలు రూపానికొస్తుంది. ఎన్నిసార్లు కడిగినా ఉండాల్సింది ఉండిపోయి, నెయ్యిని పట్టుకుంటుంది. ప్రయోగశాల లేని రోజుల్లో చేతులూ కళ్లూ కనిపెట్టిన వరస ఇది. ఎంత మెచ్చుకున్నా తక్కువే. జాతీఫలాది చూర్ణంలో జాజికాయ, లవంగాల పక్కన చేరేది ఇలా సిద్ధమైన ఆకే.

దీంతో క్యాన్సర్ తగ్గుతుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. నొప్పికి ఆస్పత్రి డాక్టరు ఇచ్చిన మార్ఫిన్ నడుస్తూనే ఉంది, చూర్ణం సంగతి ఆయనకీ చెప్పాం. అలాగని మందుగా దీనికి చోటే లేదనీ కాదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అతి కఠినమైన జాబితాలోంచి 27–25 ఓట్లతో తప్పించినప్పుడు మన దేశం ఔనని ఓటేసింది. ఆ రోజు నాకెంతో సంతోషమేసింది.

ఒక్క లోటు. మందు డబ్బా మీది ఆ హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉండాలని నియమం. పెద్దమ్మకి రెండూ రావు. నోటుబుక్కు కాగితం మీద ‘వైద్యుడు చెప్పినట్టే వాడాలి’ అని పెద్దక్షరాలతో రాసి, అన్నం మెతుకులతో డబ్బాకి అంటించాను. ఆమె రెండుసార్లు పైకి చదువుకుని, డబ్బాని మార్ఫిన్ మాత్రల పక్కన పెట్టింది.