పూజ అయ్యాక కాసేపు ఆగండి

చిత్తూరు పడమటి మండలాల్లో కథోలికులు తక్కువ. సోమల లాంటి చోట ఒకరు పెద్దయ్యాక, తన ఇష్టంతో శ్రీసభలో చేరాలనుకుంటే సిద్ధాంతం కన్నా ముందు మనుషుల దగ్గరే ఇబ్బంది పడతారు. త్రిత్వం గురించి పుస్తకంలో చదువుకోవచ్చు, ఫాదర్‌ను అడగొచ్చు. కానీ వారం వారం గుడిలో పక్కనే కూర్చునే అక్క పేరేమిటో ఎవర్ని అడగాలి?

పూజకు ముందు గుడిలో ఎవరూ మాట్లాడరు. మోకాళ్ల మీద ఉంటారు, లేదా కళ్లు మూసుకుని జపమాల తిప్పుతుంటారు. ఇతర క్రైస్తవ సంఘాల ప్రార్థన మందిరాల్లో చాలాచోట్ల కొత్త మనిషిని నిలబెట్టి పేరు చెప్పిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ అలవాటులో పెరిగినవారికి ఈ మౌనం తమను పట్టించుకోనట్టే తోస్తుంది. అది దేవునికిచ్చే మర్యాదే తప్ప మనిషిని దూరం పెట్టడం కాదని ఎవరో ఒకరు చెప్పాలి. పూజలో మనుషులు ఒకరివైపు ఒకరు తిరిగేది సమాధానం తెలుపుకునే ఆ కొద్ది క్షణాలే. మన దేశంలో చేయి కలపడానికి బదులు చేతులు జోడించడం, చెప్పులు బయట విడవడం, నేలమీద కూర్చోవడం లాంటి 12 అంశాలకు 1969లో రోమ్ ఆమోదం తెలిపింది. ఆ నమస్కారం ఎంత మనసుతో పెట్టినా దానితో పరిచయం పూర్తి కాదు. కథోలిక సంప్రదాయం పరిచయాన్ని పూజ బయట పెట్టింది. ఎక్కడెక్కడ పెట్టిందో తెలుసుకుంటే కొత్తవాళ్లకు సగం దిగులు తగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి గురించి. పెద్దవాళ్లు జ్ఞానస్నానం పొందే పద్ధతిని రెండో వాటికన్ మహాసభ పునరుద్ధరించమంది. ఆ క్రమం 1972లో వెలువడింది. అందులో తొందర లేదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉపదేశం నడుస్తుంది. పాస్కాకు (ఈస్టర్‌కు) ముందు వచ్చే తపస్సు కాలం మొదటి ఆదివారం అభ్యర్థులను ఎన్నుకుంటారు. మూడు, నాలుగు, ఐదు ఆదివారాల్లో వాళ్ల కోసం అందరి ముందూ ప్రత్యేక ప్రార్థనలు చేస్తారు. పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం మూడూ ఇస్తారు. ఈ దారి పొడుగునా కొత్త మనిషి ఒంటరిగా నడవకూడదనే జ్ఞాన తల్లిదండ్రుల ఏర్పాటు. ఒకరు చాలు, ఇద్దరుంటే ఒక మగ, ఒక ఆడ. సాధారణంగా 16 ఏళ్లు నిండి, అభ్యంగనమూ సత్ప్రసాదమూ పొంది, విశ్వాసానికి తగినట్టు బతికే కథోలికులై ఉండాలి. కన్న తల్లిదండ్రులు ఆ స్థానంలో ఉండకూడదు.

చివరి నిబంధనలో నాకు గొప్ప తెలివి కనిపిస్తుంది. ఇంటి బయట మరో బంధువును సంపాదించుకుంటేనే లోపలికి రాగలవు. అందుకే జ్ఞానతల్లిని పేరు కోసం, ఫొటో కోసం ఎంచుకోకండి. ఉన్నవాళ్లలో పెద్దింటివాళ్లను కాక, నలుగురితో మాట్లాడే మనిషిని, మీ ఊరి బస్సు ఎక్కే మనిషిని అడగండి. "అక్కా, ఈమె మన సోమల పిల్ల, కొత్తగా వస్తోంది" అని ఆమె ఒక్క మాట అంటే పదిళ్ల తలుపులు తెరుచుకుంటాయి.

మదనపల్లె, పుంగనూరు వైపు ఇంకో సంగతి చెప్పాలి. ఇక్కడ అమెరికన్ ఆర్కాట్ మిషన్ 19వ శతాబ్దంలోనే పాతుకుంది. 1947లో ఏర్పడిన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘానికి ఈ పట్టణాల్లో లోతైన వేర్లున్నాయి. ఆ సంఘంలో నీటితో, త్రిత్వ నామంలో జ్ఞానస్నానం పొందినవారికి కథోలిక శ్రీసభ మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వదు. విశ్వాస ప్రకటన చేయించి, అభ్యంగనమిచ్చి, సత్ప్రసాదానికి చేర్చుకుంటుంది. ఇలా వచ్చినవాళ్లు పాత సంఘంలోని చుట్టాలను తెంచుకోనక్కర్లేదు, పాత ప్రార్థనను తప్పుగా చూడనక్కర్లేదు. ఆ సంగతి వాళ్లకు మొదట్లోనే చెప్పాలి.

ఈ నేలకు కొత్త విశ్వాసుల కథ కొత్తది కాదు. 18వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రెంచి జెస్విట్ గురువులు కర్ణాటక మిషన్ మొదలుపెట్టినప్పుడు పుంగనూరు వాళ్ల తొలి కేంద్రాల్లో ఒకటి. ఆ గురువులు కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగు నేర్చుకుని సన్న్యాసుల్లా బతికారు. వాళ్లు ఫ్రాన్సుకు రాసిన ఉత్తరాల్లో, విశ్వాసం నేర్పే ఉపదేశుల ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది. గురువు ఏ ఊళ్లోనూ నిలకడగా ఉండలేడు. ఉపదేశి మాత్రం ఊరివాడు, ఇంటింటి సంగతీ తెలిసినవాడు. 1773లో పోపు జెస్విట్ సభను రద్దు చేశాక గురువులు కరువైన కాలంలోనూ ప్రార్థనలు నోటికి వచ్చినవాళ్లే విశ్వాసాన్ని మోశారు. ఇవాళ్టికీ పల్లె విచారణలో, అంటే ఒక ఫాదర్ చూసుకునే గుడి పరిధిలో, కొత్తవారికి మొదటి చిరునామా ఉపదేశే. ఆయన్ని "అయ్యా, ఈ వారం ఎవరింట్లో ప్రార్థన?" అని అడగండి.

ఇంట్లో జరిగే ప్రార్థనకు వెళ్లినప్పుడే అసలు మనుషులు తెలుస్తారు. అక్టోబరు జపమాల మాసం, మే మరియమాత మాసం. చాలా విచారణల్లో ఆ నెలల్లో జపమాల ఇల్లిల్లూ తిరుగుతుంది. ఐదు రహస్యాలు, ఒక్కో రహస్యానికి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. ఒక్కో రహస్యం ఒక్కొక్కరు చెప్పించడం వాడుక. కొత్త మనిషికి ఒకటి అప్పగిస్తారు. తడబడితే మిగతావాళ్లు అందుకుంటారు. సగం జపం ఒకరు, సగం అందరూ చెప్పే పద్ధతి కనుక ఎవరి గొంతూ ఒంటరిగా మిగలదు. జపం అయ్యాక టీ, బొరుగులు వస్తాయి. ఎవరి టమోటాకు మదనపల్లె మార్కెట్లో ఎంత పలికిందో, ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కొడుకు బెంగళూరులో ఏ పని చేస్తున్నాడో అక్కడే తెలుస్తుంది. కుప్పం వైపైతే ఈ మాటల్లో తెలుగూ తమిళమూ కలిసిపోతాయి.

ఇంకాస్త దగ్గర కావాలంటే పని అడగాలి. 1921లో డబ్లిన్‌లో పుట్టిన మరియదళం సభ్యుల్ని ఇద్దరిద్దరిగా ఇళ్లకు పంపుతుంది. 1833లో పారిస్‌లో పుట్టిన విన్సెంట్ డి పాల్ సభదీ అదే పద్ధతి. కొత్తవాళ్లను పాతవాళ్లకు జోడించి జబ్బుగా ఉన్న ముసలమ్మ దగ్గరికి పంపితే, వెళ్లే దారిలో ఇద్దరూ స్నేహితులవుతారు. పండుగ ముందు రోజు గుడి కడగడం, పూలు కట్టడం, తపస్సు కాలం శుక్రవారాల్లో సిలువ మార్గం 14 స్థలాల దగ్గర సిలువ మోయడం, సెప్టెంబరు 8 పండుగకు వేళాంగణి వెళ్లే బండిలో ఒక సీటు, ఏదైనా సరే. నవంబరు 2న సమాధుల దగ్గరికి తప్పకుండా వెళ్లండి. మీవాళ్లెవరూ అక్కడ లేకపోవచ్చు. పక్క కుటుంబంతో కలిసి గడ్డి పీకి, కొవ్వొత్తి వెలిగించండి. వాళ్ల నాన్న గురించి వాళ్లే చెబుతారు.

దాచకూడని మాట ఒకటుంది. మన పల్లెల్లో "ఎవరింటివాళ్లు?" అనే ప్రశ్న వెనక కులం ఉంటుంది, గుడి మెట్ల మీద కూడా. ఆనాటి సన్న్యాసి గురువుల పద్ధతిలోనూ కులానికి తలవంచిన భాగం ఉంది, అది తప్పే. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. కులం అడుగుతారన్న, హోదా పోతుందన్న భయంతో పేరు చెప్పడానికి వెనుకాడేవాళ్ల గురించి ఆరాలు తీయకండి. కులం మనిషి విలువను కొలవదనడానికి గుర్తు దగ్గర్లోనే ఉంది. చిత్తూరు ప్రాంతం కడప బిషప్ పరిధిలో, అంటే 1976లో ఏర్పడిన కడప మేత్రాసనంలో ఉంది. అదే మేత్రాసనానికి 1992లో గురువుగా అభిషిక్తులైన పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్, దళితుల్లో తొలి కార్డినల్ ఆయనే. ఆయన ముందు చేతులు జోడించే విచారణ పెద్దలు, చివరి వరుసలో కూర్చున్న కొత్త మనిషి ముందూ అదే మర్యాదతో నిలబడాలి.

పాస్కా రాత్రి ఎంత సంబరం చేసినా, తర్వాతి నెలల్లో కొత్తవాళ్లను మరిచిపోయే విచారణలున్నాయి. 1972 నాటి క్రమం జ్ఞానస్నానంతో ఆగదు. ఆ తర్వాత పాస్కా కాలమంతా కొత్త విశ్వాసులను పక్కన ఉంచుకుని నడిపించమంటుంది, పెద్దలను చేర్చుకోవడం జ్ఞానస్నానం పొందిన అందరి బాధ్యత అంటుంది. ఫాదర్ మీద వదిలేయకండి. ఆయనకు ఒక్క ఆదివారమే ఎన్నో ఊళ్లుంటాయి. ఈ ఆదివారం పూజ అయ్యాక బండి తీసే ముందు, మీకు పేరు తెలియని ఒకరి దగ్గరికి వెళ్లి పేరు అడగండి, మీ ఇంట్లో జపమాల ఏ రోజో చెప్పి రమ్మనండి.