నీటిదారులు తెరిచే చేతులు

పాత అంబాసిడర్ హీటెక్కుతోందని వస్తే విజయవాడ ఆటోనగర్‌లో మంచి మేస్త్రీ రేడియేటర్‌తో ఆగడు. బ్లాకు పక్కనున్న గుండ్రటి రేకు మూతలు ఊడదీస్తాడు. లోపల, సిలిండర్ల చుట్టూ నీరు తిరిగే సందుల్లో, ఎర్రటి మడ్డి గట్టిపడి ఉంటుంది. పంపుకు దూరంగా ఉన్న వెనక సిలిండర్ దగ్గరే ఎక్కువ. అక్కడ నీటి వేగం తగ్గుతుంది మరి. ఆ తుప్పు పొర వేడిని నీటికి అందనివ్వదు. కొత్త రేడియేటర్ వేసినా ఫలితం ఉండదు.

వంచిన తీగతో ఓపిగ్గా గోకుతాడు. నీటిని మామూలుగా పారే దిశకు ఎదురు కొడతాడు. కొత్త మూతలు బిగించి, వేడినీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి నింపి నానబెడతాడు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే పని తొందరగా అవుతుంది గానీ, అది తుప్పుతో పాటు ఇనుమునూ తినేస్తుంది. ఆ తొందరకు లొంగని మేస్త్రీ అంటే నాకెంతో గౌరవం. ఆఖర్న చాకలి సోడా నీళ్ళతో పులుపు విరుస్తాడు (అల్యూమినియం హెడ్డున్న ఇంజన్లకు సోడా పడదు). నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, శుభ్రమైన ఇనుము మళ్ళీ ఎర్రబారకముందే కూలెంట్ పోస్తాడు. ఇంత పనీ బండి యజమాని కంటికి కనిపించదు. అందుకే దీని కూలి దగ్గరే బేరాలు ఎక్కువ, అది అన్యాయం.